ఎల్లారెడ్డి బావ

"...బావా అన్నంక బావ లెక్కనే ఉంటడు గానీ, తోడబుట్టినోని లెక్క ఉంటడా? నోరు నీది, తప్పు మాదా?"

"తప్పు మీదని నేను అన్ననా భూమక్కా? నవ్వకుండ్రి అంటున్న."

"నవ్వు వస్తె నవ్వమా? నీ బావ గిట్ల పట్టుకున్నడు, నువ్వు గట్ల ఎగిరినవు, గంపెడు వడ్లు మన్నుల పడె. సూసినోళ్లు ఏడుస్తరా?"

"నీ నడుము పట్టుకుంటే తెలుస్తుండె."

"నా నడుము ఎవలు పట్టుకుంటరే పిల్లా! పట్టుకుంటే వానికి రెండు చేతులు సాలయి."

కళ్ళంలో ఉన్న ఆడవాళ్ళు మళ్ళీ నవ్వారు. చంద్రవ్వ మోకాళ్ళ మీద కూర్చుని, పడిపోయిన వడ్లను మట్టిలోంచి ఏరి గంపకెత్తసాగింది. పొద్దు ఇంకా ఎక్కలేదు. గిర్ని ఇంజను అప్పుడే దగ్గుతూ మొదలైంది.

ఆ వడ్ల గిర్ని కామారెడ్డి స్టేషనుకు కొంచెం అవతల, రైలు పట్టాల వెంబడి ఉండేది. ఎల్లారెడ్డి దిక్కు నుంచి వడ్ల బండ్లు వచ్చేవి. వడ్లు కళ్ళంలో పోసి కాళ్ళతో తిరగేస్తూ ఎండబెట్టడం, గంపలతో లోపలికి మోయడం, బియ్యం చెరిగి నూకలూ తవుడూ వేరుచేయడం ఆడవాళ్ళ పని. సేటు లోపల గద్దె మీద కూర్చునేవాడు. పనివాళ్ళ ముఖాలు ఆయనకు తెలియవు. వాళ్ళను పనిలో పెట్టుకోవడం, తీసెయ్యడం, సాయంత్రం దర్వాజ దగ్గర నిలబెట్టి కొంగూ మడతా వెతికి తలాషీ చేసి ఇళ్ళకు పంపడం అన్నీ మేస్త్రీ పని చేసే ముకద్దం బాలనర్సయ్య చేతిలో ఉండేవి. ఎప్పుడో ఒకామె నిజంగానే నడుము మడతలో నూకలు కట్టుకుని పోతూ దొరికింది. అప్పటి నుంచి తలాషీ లేకుండా ఏ ఆడమనిషీ ఆ దర్వాజ దాటలేదు.

చంద్రవ్వది ఎల్లారెడ్డి. నిజాంసాగర్ కట్ట కట్టేటప్పుడు తల్లిదండ్రులు అక్కడ రాయి మోశారు. ఆమె వాళ్ళ వెంట ఉండి, చేతనైన నాటి నుంచి మట్టి తట్ట ఎత్తింది. కట్ట పని అయిపోయాక మళ్ళీ ఊరు, పటేలు పొలం. పిలిస్తే వెట్టికి పోవాలి. పటేలు ఇంట్లో పెళ్ళైతే వాకిలి అలకాలి, చావైతే కట్టెలు మోయాలి. చేసిన పనికి చేతిలో ఏదీ పడేది కాదు. తల్లి అట్లా పని చేస్తూనే జ్వరం వచ్చి పోయింది. తర్వాత తండ్రి మైసన్న ఆమెను కామారెడ్డిలో ఉండే లింగానికి ఇచ్చి చేశాడు. లింగం పట్టాల గ్యాంగులో కూలీ. వారమంతా గ్యాంగు వెంట ఏదో ఒక స్టేషను దగ్గర ఉండి, వారానికొకసారి ఇంటికి వచ్చేవాడు.

ఆమె గిర్నికి పని కోసం వచ్చిన పొద్దు, దర్వాజ ముందర చాలామంది ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. బాలనర్సయ్య వేలు చూపిస్తూ ఏరుకుంటున్నాడు. తలపాగా చుట్టుకుని, బుగ్గన ఆకు పెట్టుకుని ఉన్న ఆ మనిషిని చంద్రవ్వ గుర్తుపట్టింది. తమ ఊరివాడు. ఆమె చిన్నప్పుడే ఊరు విడిచి వచ్చాడు. వెనక నుంచి చెయ్యి ఎత్తి గట్టిగా పిలిచింది.

"బావా, నేను, చంద్రవ్వను! ఎల్లారెడ్డి మైసన్న బిడ్డను!"

బాలనర్సయ్య కళ్ళు చిట్లించి చూశాడు. తర్వాత నవ్వాడు. "ఓ మరదలా! ఇంత ఎప్పుడైనవే?" అని, అడ్డమున్న వాళ్ళను పక్కకు జరిపి ఆమెను లోపలికి రమ్మన్నాడు. ముందు నిలబడ్డ వాళ్ళలో సగంమంది బయటే ఉండిపోయారు. ఆ సాయంత్రం చంద్రవ్వ సంతోషంగా ఇంటికి పోయింది.

ఆమె పిలిచిన పిలుపులో వింత ఏమీ లేదు. ఊర్లో కులం ఏదైనా ప్రతి మనిషికీ ప్రతి మనిషితో ఒక వరస ఉంటుంది. మైసన్న బాలనర్సయ్య తండ్రిని బావ అనేవాడు. కాబట్టి బాలనర్సయ్య చంద్రవ్వకు బావ. బావ అన్నాక సరసం ఉంటుంది. కాముని పున్నమకు నీళ్ళు పోస్తాడు, కొంగు లాగుతాడు. మరదలు నోటికొచ్చినట్టు తిడుతుంది. అందరూ నవ్వుతారు. ఊర్లో అదంతా తండ్రి ముందర, అన్నదమ్ముల ముందర, వాకిట్లోనే జరిగేది.

గిర్నిలో బాలనర్సయ్య సరసం మొదట మాటలతోనే అయింది. తర్వాత మాటకు చెయ్యి తోడైంది. గంప ఎత్తుకుని పోతుంటే, రెండు చేతులూ గంప మీద ఉన్నప్పుడు, పక్క నుంచి వచ్చి నడుము గిల్లేవాడు. అన్నిటికంటే తలాషీ కష్టం. మిగతా ఆడవాళ్ళను కొంగు దులిపి, నడుము మడత విప్పి చూపమనేవాడు. ఆమె వంతు రాగానే "మా మరదలు మంచి దొంగ, దీన్ని నేనే సూడాలె" అనేవాడు. ఆ మాటకు వరుసలో నవ్వు పుట్టేది. చెయ్యి మడతలోకి పోయేది. వెతకడానికి పట్టేదానికంటే ఎక్కువసేపు అక్కడే ఉండేది.

చంద్రవ్వ మరదలు తిట్టినట్టే తిట్టి చూసింది. తిడితే ఇంకా నవ్వాడు. నడుముకు సుతిలి తాడు బిగించి ముడి మీద ముడి వేసుకుని వచ్చింది. ముళ్ళు విప్పే నెపంతో ఇంకా ఆలస్యం చేశాడు. ఇంజను ఆగితే పని అయిపోయినట్టు, అంటే తలాషీ. అందుకని మధ్యాహ్నం దాటిందంటే ఆమె చెవి ఇంజను మీదనే ఉండేది. నడుమ బెల్టు జారి ఇంజను కాస్త ఆగినా చెయ్యి నడుము ముడి మీదికి పోయేది. వడ్లు తిరగేస్తూ తిరగేసిన చోటనే మళ్ళీ తిరగేసేది. ఇంట్లో అన్నం ముందర కూర్చుని లేచిపోయేది.

లింగం వచ్చినప్పుడు చెప్పింది. అతను చుట్ట వెలిగించుకుంటూ విన్నాడు.

"నీ బావ గాదె?"

"బావ అయితే?"

"మీ ఊరోడని నేను గూడ అన్నా అని పిలుస్తున్న. మొన్న కల్లు దుకాణంల కూసోపెట్టి పోయించిండు. మంచోడే."

"నీకు కల్లు పోసిండు గని నీ నడుముల చెయ్యి వెట్టలే గద."

లింగం చుట్ట నోట్లోంచి తీశాడు. "అయితె పని ఇడిసిపెట్టు. పోయి పటేలు దొడ్లె పేడ ఎత్తు. నా ఒక్కని కూలితోని గీ కిరాయి కొట్టం గూడ నిలువది, నీకెర్కే."

ఆమెకు తెలుసు. పని వదలాలని ఆమెకు లేదు. పుట్టి బుద్ధెరిగాక చేసిన పనికి కూలి చేతిలో పడింది ఈ గిర్నిలోనే. అది పోకూడదు, ఆ చెయ్యి తన మీద పడకూడదు. ఈ రెండూ ఒక్కసారి కావాలి. దానికి దారి ఏదని రోజంతా వడ్లలో నడుస్తూ ఆలోచించింది. భూమక్క అన్న మాటే తిరిగి తిరిగి వచ్చేది. బావ అని పిలిచింది తానే. ఆ రోజు ఆ మాట అనకపోతే ఇదంతా ఉండకపోయేది. అన్న మాటను మార్చుకోవాలి. కానీ వరస తన ఇష్టానికి మారదు. మారిస్తే ఊరివాళ్ళే మార్చాలి.

వడ్లు దించి తిరిగిపోయే బండిలో ఎక్కి ఎల్లారెడ్డి పోయింది. తండ్రి దగ్గరికి పోలేదు. నేరుగా పెద్దవ్వ హన్మవ్వ ఇంటికి పోయింది. హన్మవ్వ ఆమె తల్లికి అక్క. అక్కాచెల్లెళ్ళిద్దరినీ బీర్కూర్ నుంచి ఎల్లారెడ్డికే ఇచ్చారు. ముసలామె వాకిట్లో కూర్చుని కందులు చెరుగుతోంది. చాట ఆపకుండానే అంతా విన్నది.

"వాడు ఎవని కొడుకు? ఎల్లవ్వ కొడుకు గాదు?"

"ఆ, ఎల్లవ్వత్త కొడుకే."

"అత్త ఏందే! ఎల్లవ్వది ఏ ఊరు?"

"ఏమో."

"బీర్కూర్. మా ఊరు. ఎల్లవ్వ, నేను, మీ అవ్వ ఒక్క గల్లీల పెరిగినం. మీ అవ్వ దాన్ని అక్కా అని పిలిచేది. ఈడికి వచ్చినంక మొగోళ్ల దిక్కు నుంచి లెక్క వెట్టి వదినె అనుడు షురూ జేసిండ్రు. పుట్టినింటి వరస ముందుగాలదా, అత్తగారింటి వరస ముందుగాలదా?"

చంద్రవ్వ ఆమె ముఖంలోకి చూస్తూ కూర్చుంది. "అవ్వకు అక్క అయితే, బాలనర్సయ్య నాకు..."

"అన్న అయితడు." హన్మవ్వ చాట కింద పెట్టింది. "నువ్వు ఉత్తగ పోయి అన్నా అంటే ఇనడు. నేను వస్త. బండి ఎప్పుడు పోతది?"

మర్నాడు వడ్ల బస్తాల మీద చంద్రవ్వ పక్కన కూర్చుని ముసలామె కామారెడ్డికి వచ్చింది. బండ్లు గిర్ని ముందర ఆగేసరికి కళ్ళంలో పని సాగుతోంది. బాలనర్సయ్య ఎదురు వచ్చాడు.

"ఏందత్తా, గింత దూరం వచ్చినవు? తీర్థం పోతున్నవా?"

"అత్తను గాదురా, పెద్దవ్వను."

"అంటే?"

"మీ అవ్వ పానం పోయేటప్పుడు నోట్ల నీళ్లు పోసింది ఎవలు? సెప్పు."

"నువ్వే," అన్నాడు బాలనర్సయ్య. నవ్వు కొంచెం తగ్గింది.

"ఏ వరసల పోసిన? అక్కను గనుక పోసిన. ఎల్లవ్వది నాది ఒక్క ఊరు. గీ పిల్ల తల్లి మా ఇద్దరికి చెల్లె. గిది నీకేమైతదో నువ్వే సెప్పు, పది మంది ఇనంగ."

బస్తాలు దించుతున్న ఎల్లారెడ్డి బండివాళ్ళు ఆగి చూస్తున్నారు. వాళ్ళలో తలనెరసిన ఒకతను "ముసలమ్మ చెప్పేది నిజమేరా నర్సయ్యా, ఎల్లవ్వ బీర్కూర్ బిడ్డనే" అన్నాడు. ఆడవాళ్ళు వడ్లలో ఎక్కడి వాళ్ళక్కడ నిలబడిపోయారు. భూమక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

బాలనర్సయ్య తలపాగా సర్దుకున్నాడు. బండివాళ్ళ వైపు చూశాడు. వీళ్ళు తిరిగి ఊరికే పోతారు, ఈ మాట అక్కడ చెబుతారు.

"చెల్లె అయితది," అన్నాడు.

"ఆడబిడ్డ. ఏడాదికొక్క రైక బట్ట పెట్టాల్సినోడివి. ఏమేం పెడ్తున్నవో నాకు ఎర్కయింది." ముసలామె అంతకంటే ఏమీ అనలేదు. నీళ్ళు అడిగి తాగి, అదే బండిలో తిరిగిపోయింది.

ఆ సాయంత్రం తలాషీలో చంద్రవ్వ వంతు రాగానే బాలనర్సయ్య ఒక అడుగు వెనక్కి జరిగాడు. "పో చెల్లె" అన్నాడు. కొంగు కూడా దులపమనలేదు. ఆమె దర్వాజ దాటి పట్టాల దాకా వచ్చాక, తను పరుగెత్తుతున్నట్టు గమనించి ఆగింది.

లింగానికి మాత్రం ఇది నచ్చలేదు. "ఇన్నొద్దులు అన్నా అని పిలిచిన. ఇప్పుడు బావా అనాల్నా? కల్లు దుకాణంల అందరు నవ్వుతుండ్రు" అన్నాడు.

"నువ్వు నవ్వులపాలైతె ఏంగాదు," అంది చంద్రవ్వ. చాలా రోజుల తర్వాత ఆ పూట కడుపునిండా తిన్నది.

బాలనర్సయ్య మాట తప్పలేదు. అందరి ముందర చెల్లె అన్నవాడు చెల్లెగానే చూశాడు. గంపలు మోసే పని తప్పించి, దర్వాజ దగ్గర రాలిన వడ్లు ఊడ్చే పనిలో పెట్టాడు. నీడ పని. ఆడవాళ్ళందరూ పోయాక ఊడ్చి, చివరన ఆమె పోవాలి. అంతకు ముందు ఆమె ఎప్పుడూ వరుసలో ముందు దూరి, వెనక్కి చూడకుండా పారిపోయేది. ఇప్పుడు చీపురు పట్టుకుని పక్కన నిలబడితే వరుస అంతా కనిపించేది.

వరుస చివర లంబాడి తండా ఆడవాళ్ళను నిలబెట్టేవారు. ఇద్దరు ముగ్గురే వచ్చేవాళ్ళు. వాళ్ళలో సోమ్లి చిన్నది. మొగుడు గోప్యా కూలికి దూరం పోయాడు. మోచేతి పైదాకా గాజులు, బరువైన కుచ్చుల లంగా. బాలనర్సయ్య అందరినీ తొందరగా పంపేసి, సోమ్లి దగ్గరికి వచ్చేసరికి నిదానమయ్యేవాడు. "దీని లంగల బస్తెడు వడ్లు పడ్తయి" అనేవాడు. కుచ్చులు ఒక్కొక్కటే పట్టి చూసేవాడు. తర్వాత చెయ్యి రైక దాకా పోయేది. సోమ్లి చేతులు పైకెత్తి నిలబడేది. ఊడుస్తున్న చంద్రవ్వకు ఆమె గాజుల చప్పుడు ఆగిపోవడం తెలిసేది. తన చీపురు ఒకే చోట ఆడేది.

మర్నాడు చంద్రవ్వ భూమక్కను అడిగింది. "సోమ్లిని గూడ గట్లనే చేస్తున్నడు. చూసినవా?"

"ఎప్పటి సంది చేస్తుండు! ఇయ్యాల కొత్తనా?"

"మరి ఎవ్వరు అనరేంది?"

"తండోళ్లకు మనకు వరసలుంటయా ఏంది? నీది తప్పింది గద, మెల్లగ ఊడ్చుకో. ముసలమ్మ పున్నెమాని నీడపట్టున ఉన్నవు."

మధ్యాహ్నం నీళ్ళ కుండ దగ్గర సోమ్లి కనిపించింది. చంద్రవ్వకు ఏం మాట్లాడాలో తోచక చెంబు అందించింది. సోమ్లి తాగి, మూతి తుడుచుకుని నవ్వింది.

"అక్కా, నాకు గూడ ఒక ముసలవ్వను తీస్కరా. ఎల్లారెడ్డి సంది. బండి మీద."

చంద్రవ్వ నవ్వబోయింది. సోమ్లి ఖాళీ చెంబు చేతిలో పట్టుకుని ఇంకా చూస్తోంది. జోకు వేసిన ముఖం కాదది.

"నేను వచ్చినప్పటి సందే గిట్లనా?"

"నీకంటే ముందు సంది. నువ్వు ఎనుకకు సూడకుంట పోతుంటివి గద."

తాను వచ్చిన రోజు, బావా అని చెయ్యి ఎత్తక ముందే, సోమ్లి లోపల ఉంది. ఆమె బాలనర్సయ్యను ఏమని పిలిచింది? ఏమనీ పిలవలేదు. తండా నుంచి వచ్చిన మనిషికి అతన్ని పిలిచే పిలుపే లేదు. చంద్రవ్వ ఆ మధ్యాహ్నమంతా ఊడ్చిన చోటనే ఊడ్చింది. అప్పుడు తన పిలుపు వల్లనే అంతా వచ్చిందనుకుని బండెక్కి ఊరి దాకా పోయింది. ముసలామెను బస్తాల మీద కూర్చోబెట్టి తెచ్చింది.

మూడు గంటల రైలు పోయాక, బాలనర్సయ్య ఒంటరిగా తూకం దగ్గర ఉన్నప్పుడు పోయి నిలబడింది.

"అన్నా."

"ఏంది చెల్లె?"

"సోమ్లిని ఇడిసిపెట్టు."

అతను తూకపు రాయి తీసి పక్కన పెట్టాడు. కోపం రాలేదు. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

"నీ మాట నేను ఇన్న గద? పెద్దవ్వ చెప్పింది, ఒప్పుకున్న. నీ జోలికి వచ్చిన్నా మళ్ల?"

"లేదు."

"మరి? ఆమె నాకేమైతది? అక్కనా, చెల్లెనా? నీకేమైతది?"

చంద్రవ్వ తిరిగి వచ్చి చీపురు పట్టుకుంది. మళ్ళీ గోడకు ఆనించింది. మళ్ళీ పట్టుకుంది. తన చెవి మళ్ళీ ఇంజను మీదనే ఉందని ఆమెకు తెలిసింది. తన తలాషీ పోయి ఎన్నో రోజులైంది. అయినా ఇంజను ఆగకూడదని కోరుకుంటోంది.

ఇంజను ఆగింది.

ఆడవాళ్ళు కాళ్ళకు అంటిన దుమ్ము దులుపుకుంటూ వచ్చి వరుస కట్టారు. ముందు భూమక్క, చివర తండా వాళ్ళు, వాళ్ళలో చివర సోమ్లి. బాలనర్సయ్య దర్వాజ రెక్క ఒకటి మూసి, రెండో రెక్క దగ్గర నిలబడ్డాడు. లోపల సేటు గద్దె మీద దీపం సర్దుతున్న చప్పుడైంది.

చంద్రవ్వ చీపురు గోడకు ఆనించి, వరుస వెంబడి నడిచి, సోమ్లి వెనక నిలబడింది.

"నువ్వేంది చెల్లె అక్కడ?" అన్నాడు బాలనర్సయ్య. "నీకు తలాషీ లేదు గద. ఇటు రా."

"రాను."

"ఏమైంది? ఎవలన్న ఏమన్న అన్నరా?"

వరుసలో తలలన్నీ వెనక్కి తిరిగాయి. చంద్రవ్వ లోపల గద్దె దాకా వినబడేటట్టు మాట్లాడింది.

"బాలనర్సయ్యా, ఇయ్యాల సంది నేను నీకు మరదల్ను గాను, చెల్లెను గాను. ఆడోళ్ల తలాషీ ఆడోళ్లే చేస్తరు. సోమ్లిది నేను సూస్త, నాది భూమక్క సూస్తది. సేటు వచ్చి ఈడ కూసోని నూకలు పోతయేమో సూసుకోనీ. నువ్వు చెయ్యి పెడ్త అంటే నేను ఈ దర్వాజ దాటను. గీడ్నే కూసుంట."